కిటికీలోంచి కొండ, కొండ మీంచి రోడ్డు

పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. పరీక్షలయ్యాక హాస్టల్ రూంలో నలుగురం కూర్చుని మాట్లాడుకున్న మాటలివి. అందుకే 'మేం' అని రాస్తున్నాం. తప్పులుంటే పెద్దవాళ్లు సరిచేయండి.

పోయిన వారం ఎవరో గ్రూపులో అరకు ఘాట్ రోడ్డు వీడియో పెట్టారు. కింద చాలామంది 'మన ఏజెన్సీ అందం', 'గర్వంగా ఉంది' అని రాశారు. ఒక అన్న మాత్రం 'అందం కూడు పెడుతుందా?' అని ఒక్క ముక్క రాసి వదిలేశాడు. రెండు మాటలూ మాకు సగం సగమే నచ్చాయి. ఆ మిగిలిన సగం గురించే ఈ పోస్టు.

ఫస్టియర్‌లో చేరిన కొత్తలో క్లాసులో అందరూ ఊరి పేర్లు చెప్పుకున్నారు. మా ఊరి పేరు చెబితే ఎవరికీ తెలియలేదు. 'అరకు దగ్గర' అనగానే మొహాలు వెలిగిపోయాయి. 'అబ్బ, ఎంత బాగుంటుందో! అంత అందమైన చోటు వదిలేసి ఇక్కడికెందుకొచ్చారు?' అని ఒకమ్మాయి అడిగింది. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. చదవాలనుకున్న కోర్సు మా దగ్గర్లో లేదు, అందుకే వచ్చాం. ఇంత చిన్న జవాబు కూడా ఆ రోజు నోట్లోంచి రాలేదు. నవ్వి ఊరుకున్నాం.

తర్వాత ఆ అమ్మాయే ఫోన్లో ఒక రీల్ చూపించింది. పసుపుపచ్చ వలిసె పూలు, మధ్యలో వాళ్ల ఫ్యామిలీ, వెనక కొండ. మా నలుగురిలో ఒకడు ఆ కొండ వైపే చూస్తున్నాడు. అది వాడి చిన్నాన్న చేను. పూల మధ్య వాళ్లు నిలబడ్డ చోట నేల తేలి ఉంది. అది కాలిబాట కాదు, తొక్కగా తొక్కగా పడిపోయిన పంట. రీల్ కింద ఎవరో 'పూలతో ఫొటోకి కూడా ఇరవై రూపాయలు అడుగుతున్నారు, వీళ్లకీ ఆశ పెరిగిపోయింది' అని రాశారు. మావాడు ఆ మాట రెండుసార్లు చదివి ఫోన్ తిరిగిచ్చేశాడు.

అప్పటినుంచి ఈ సంగతి మమ్మల్ని వదల్లేదు. దారిన పోయేవాళ్లకి మన కొండల్లో ఏది అందంగా కనబడుతుంది? ఏది కనబడదు? ఏది వికారంగా కనబడుతుంది?

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటి, బౌడారా దాటి ఘాట్ ఎక్కేదాకా బస్సులో అందరూ నిద్రపోతుంటారు. మలుపులు మొదలయ్యాక ఒక్కొక్కరూ లేస్తారు. చెట్ల మధ్య చీకటిగా పోతున్న రోడ్డు ఒక మలుపులో ఒక్కసారిగా తెరుచుకుని కింద లోయ కనబడితే 'అబ్బా' అంటారు. మళ్లీ చెట్లు కమ్ముకుంటే ఫోన్లు దించుతారు. ప్రతి ట్రిప్పులోనూ ఇదే చూశాం. మూసుకోవడం, తెరుచుకోవడం, ఎత్తు, నీళ్లు, మంచు. వీటికే కెమెరా లేస్తుంది.

దీని మీద పెద్ద పుస్తకాలే ఉన్నాయి. అమెరికాలో డొనాల్డ్ ఆపిల్‌యార్డ్, కెవిన్ లించ్, జాన్ మయర్ అనే ముగ్గురు 1964లో 'ది వ్యూ ఫ్రమ్ ది రోడ్' అని ఒక పుస్తకం వేశారు. రోడ్డు మీద పోయేవాడికి కనబడేది ఒక్క బొమ్మ కాదు, సినిమాలా వరసగా కదిలే బొమ్మలు, కాబట్టి రోడ్డు వేసేటప్పుడే ఆ వరసని ఆలోచించి వేయాలి అని వాళ్ల వాదన. బండి వేగం పెరిగేకొద్దీ చూపు సన్నబడి దూరానికి పోతుందని, పక్కనున్నవి అలికేసినట్టు అయిపోతాయని రోడ్లు డిజైన్ చేసేవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. అంటే వేగంగా పోయేవాడికి కొండ మిగులుతుంది, కొండ కింద నడిచే మనిషి చెరిగిపోతాడు. మన ఘాట్‌లో బస్సు ఎద్దుబండిలా పోతుంది కాబట్టి మనుషులు కనబడాలి కదా అనుకుంటాం. కానీ ఇప్పుడు కళ్లకంటే ముందు ఫోన్ చూస్తోంది. ఫోన్‌కి మనిషి అడ్డం వస్తే 'కొంచెం జరుగు' అంటారు.

పుస్తకం పేరు గమనించండి. రోడ్డు మీంచి చూపు. రోడ్డు వైపు చూసే చూపు గురించి రాసినవాళ్లని మేం ఇంకా చూడలేదు. కాబట్టి మేమే కొంచెం రాస్తాం.

ముందు వలిసెలు. చూసేవాళ్లు అవి అడవి పూలు, వాటంతటవే పూశాయి అనుకుంటారు. అది నూనెగింజ పంట. వానాకాలంలో మెట్ట చేలో చల్లితే నవంబరు, డిసెంబరుల్లో పూస్తుంది. గింజ ఆడించి నూనె వాడుకుంటాం, మిగిలింది సంతలో అమ్ముతాం. పూత మీదున్నప్పుడు తేనెటీగల పెట్టెలు తెచ్చి చేల గట్ల మీద పెట్టుకునేవాళ్లు కూడా వస్తారు. ఎకరాకి వచ్చే గింజ తక్కువే. పూత విరిగితే అదీ లేదు. ఆ పసుపు రంగు ఎవరో పెయింట్ వేసింది కాదు, ఎవరో దుక్కి దున్ని, విత్తనం దాచుకుని, చల్లినది. కొండవాలులో మెట్లు మెట్లుగా కనబడే వరి మడులూ అంతే. ఒక్కో గట్టు వెనక ఎన్ని తరాల రాళ్ల మోత ఉందో మన తాతలని అడగండి.

కాఫీ సంగతి ఇంకా చిత్రం. అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి ఎగబాకిన మిరియం తీగలు, కింద కాఫీ మొక్కలు. అందరూ 'ఎంత దట్టమైన అడవో' అంటూ పోతారు. అది తోట. పోడు తగ్గించాలని మనవాళ్ల చేత వేయించిన తోట. 2019లో అరకు వేలీ అరబికాకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఆ తోట అసలు అందం ఎప్పుడుంటుందో తెలుసా? వేసవిలో ఒక మంచి వాన పడ్డాక కొమ్మల నిండా తెల్లగా పూస్తుంది, తోట తోటంతా మల్లెల్లాంటి వాసన వస్తుంది. అప్పుడు టూరిస్టు ఒక్కడూ ఉండడు. ఎండాకాలం అరకులో ఏముంటుందిలే అని ఎవరో వాళ్లకి చెప్పేశారు. మాకైతే లోపల లోపల కొంచెం సంతోషమే. ఆ ఒక్కటీ మనకి మిగిలింది.

మంచు గురించీ చెప్పాలి. పాడేరు దగ్గర వంజంగి కొండెక్కి తెల్లారకముందే నిలబడితే కింద పాలసముద్రంలా మేఘాలు. నిజంగానే బాగుంటుంది, మేమూ ఎక్కాం. అయితే ఆ మేఘం కింద ఊళ్లున్నాయి. పైనుంచి మేఘం, కిందనుంచి మసక. ఆ మసకలో మన అమ్మలు కాఫీ పళ్లు కోయడానికి పోతుంటారు. కల్లంలో ఎండబెట్టిన చోళ్లు తడిసిపోతాయి, ముసలివాళ్లకి ఆయాసం ఎక్కువవుతుంది. లంబసింగికి ఇంకో పేరు కొర్రబయలు. బయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరుకి అర్థం చెబుతారు. చలి గురించి భయంతో పెట్టిన పేరు అది. ఇప్పుడు అదే చలికి టెంట్ అద్దెకిస్తున్నారు.

ఇక వికారం. పోడు కొట్టిన నల్లటి మచ్చ కనబడగానే కారులో 'చూశావా, అడవిని ఎలా నాశనం చేస్తున్నారో' అంటారు. పోడు తప్పే లేదని మేం అనం. బీడు వదిలే ఏళ్లు తగ్గిపోయి వాలుల్లో మన్ను కొట్టుకుపోతోందని మన పెద్దవాళ్లే చెబుతున్నారు. కానీ అదే వాలులో జేసీబీతో చదును చేసి కాటేజీలు కడితే 'నేచర్ స్టే' అంటారు. రోడ్డు వెడల్పు కోసం కొండని నిలువునా కోస్తే ఎర్రగా పచ్చిపుండులా ఉంటుంది. దాన్ని చూసి 'రోడ్డు సూపర్‌గా వస్తోంది' అంటారు. అందం, వికారం అనేవి కళ్లలో ఉండవు. ఎవరి పని అనేదాన్ని బట్టి మారిపోతున్నాయి.

అమెరికాలో 1965లో హైవేలను అందంగా ఉంచడానికి ఒక చట్టమే తెచ్చారు. రోడ్డు పక్క ప్రకటన బోర్డులు అదుపు చేయాలి, పాత ఇనుము కుప్పలు ప్రయాణికులకి కనబడకుండా తీసేయాలి లేదా చాటు కట్టాలి అని. బోర్డుల సంగతి మంచిదే, మన ఘాట్‌లోనూ ఉండాలి. ఈ 'చాటు కట్టడం' దగ్గర మాత్రం మేం ఆగిపోయాం. చూసేవాడికి నచ్చనిదానికి చాటు కట్టడం అలవాటైతే రేపు మన గడ్డివాములకి, పేడకుప్పలకి, రేకుల ఇళ్లకి కూడా కడతారు. మన దేశంలో 2015లో హరిత రహదారుల విధానం వచ్చింది. హైవే ఖర్చులో ఒక శాతం మొక్కలకి, అందానికి పెట్టాలని అందులో ఉంది. ఏ మొక్క నాటాలో మనని అడుగుతారా? మేమైతే చింత, పనస, ఇప్ప, జీలుగు అంటాం. నీడకి నీడ, తిండికి తిండి. రంగు పూల మొక్కలు కావాలంటే వాటికీ అడ్డుచెప్పం, ఒక వరసలో అవీ ఉండనివ్వండి.

అన్నిటికంటే మాకు గుచ్చుకునే మాట వేరే ఉంది. వ్యూ పాయింట్ దగ్గర నిలబడి 'ఎంత ప్రశాంతంగా ఉందో, ఒక్క మనిషి కూడా లేడు' అంటారు. గాలికొండ దగ్గర ఒకాయన ఆ మాట అంటుంటే మేం పక్కనే ఉన్నాం. ఎదురుగా ఉన్న కొండ మడతల్లో మాకు తెలిసినవే ఐదు ఊళ్లున్నాయి. పొగ లేస్తుంటే ఏ ఊరో చెప్పగలం. అందులో ఒక ఊరికి ఇప్పటికీ బండి రోడ్డు లేదు. నొప్పులొచ్చిన మనిషిని డోలీ కట్టి మోసుకొస్తారు, ఆ మోత ఈ తారురోడ్డు దగ్గరే ఆగుతుంది. అంబులెన్స్ కోసం ఎదురుచూసే చోటూ, ఫొటోల కోసం బండి ఆపే చోటూ ఒకటే మలుపు. కొండ ఖాళీగా ఉందని అనుకున్నవాడికి అక్కడ రోడ్డు ఎందుకో, బడి ఎందుకో అర్థం కాదు. అక్కడ గని తవ్వుకుంటే తప్పేంటో కూడా అర్థం కాదు.

గని అంటే గుర్తొచ్చింది. బొర్రా గుహలకి పోయేవాళ్లందరూ ఆ చుట్టూ ఉన్న పచ్చటి కొండలని పొగుడుతారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో మైనింగ్ లీజుల మీదే కదా మన సమత కేసు నడిచింది. 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకి గనుల లీజు ఇవ్వకూడదని చెప్పింది. ఆ తీర్పు, 1/70 చట్టం లేకపోతే ఈ ఘాట్‌లో ఫొటో తీసుకోవడానికి ఏం మిగిలేదో ఊహించుకోండి. ఏ వ్యూ పాయింట్ దగ్గరా ఆ మాట రాసిన బోర్డు మేం చూడలేదు.

ఇప్పుడు రోడ్డు వైపు చూసే చూపు. మా రూంమేట్ ఒకడి ఇల్లు రోడ్డుకి ఆనుకునే ఉంటుంది. వాళ్లమ్మ బోరింగు దగ్గర స్నానానికి ఇప్పుడు చీకటితోనే లేస్తుంది. తెల్లారితే కార్లు ఆగుతాయి. వాడి అవ్వ కట్టెల మోపుతో వస్తుంటే ఎవరో ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి వీడియో తీశారట. అడగలేదు, పేరు కనుక్కోలేదు. అవ్వ ఇంటికొచ్చి 'ఏటి బాబూ, మోపు మోసే మనిషిని ఎప్పుడూ సూడ్నేదా ఆళ్లు?' అంది. ఇంట్లో అందరూ నవ్వారు. తర్వాత నుంచి ఆమె రోడ్డు వదిలేసి చుట్టుదారిన వస్తోంది. డెబ్బై ఏళ్ల మనిషి, మోపుతో, అరమైలు ఎక్కువ.

మేం చూసేవాళ్ల మీద నెపం వేసి చేతులు దులుపుకోవాలనుకోవట్లేదు. ఒక నిజం ఒప్పుకుంటాం. పోయిన సంక్రాంతికి ఇంటికి పోతున్నప్పుడు బస్సు దముకు దగ్గర మలుపు తిరగ్గానే మా నలుగురి ఫోన్లూ లేచాయి. పుట్టినప్పటినుంచి చూస్తున్న లోయే. ఆరు నెలలు నగరంలో ఉండేసరికి మాకూ అది 'సీనరీ' అయిపోయింది. స్టేటస్‌లో పెట్టాం, లైకులు చూసుకున్నాం. బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే మళ్లీ అది దారి అయింది, చేను అయింది, వాగు అయింది. ఎక్కడ మారిందో చెప్పలేం. బహుశా బ్యాగు భుజం మీద బరువు తెలిసినప్పుడు.

అందుకే అందం అబద్ధం అనే అన్నతో మేం పూర్తిగా కలవలేం. ఆ లోయ అందంగానే ఉంది. దాన్ని చూసి ఒకడు 'అబ్బా' అంటే మనకి నష్టం లేదు. అది ఎవరి పనో, ఎవరి చోటో తెలియకుండా అంటేనే నష్టం.

ఆ ఇరవై రూపాయల సంగతికి వస్తాం. చిన్నాన్న తడిక కట్టి, ఒక పక్కన నడవడానికి దారి వదిలి, మనిషికి ఇరవై తీసుకుంటున్నాడు. మేం అది న్యాయమే అంటాం. పంట పోతోంది కాబట్టి తీసుకుంటున్నాడు. సినిమాకి డబ్బు పెట్టి చూసేవాడు, పార్కులో టికెట్ కొనేవాడు, చేను దగ్గరకొచ్చేసరికి 'పువ్వులకి కూడా డబ్బులా' అంటే అది చేను అని వాడు ఒప్పుకోలేదన్నమాట. మనవాళ్లలో కూడా కొందరు 'అడుక్కున్నట్టు ఉంది, పరువు పోతోంది' అంటున్నారు. బతిమాలితే అడుక్కోవడం. తడిక కట్టి రేటు చెబితే అది యజమాని మాట.

కాకపోతే చిక్కు ఒకటుంది. రోడ్డు పక్క చేను ఉన్నవాడికే ఆ డబ్బు. వెనక చేను, పైన కొండ, పారే వాగు ఊరందరివీ. ఫొటోలో అవన్నీ పడతాయి, డబ్బు మాత్రం ముందు చేనుకే. ఇప్పటికే రెండు చోట్ల అన్నదమ్ముల మధ్య మాటలొచ్చాయని విన్నాం. అంతకంటే పెద్ద డబ్బు బినామీ పేర్ల మీద నడిచే టెంట్లకి, హోటళ్లకి పోతోందని మనందరికీ తెలిసిందే. ఇరవై రూపాయల దగ్గర గొడవపడుతూ అక్కడ నోరు మూసుకుంటున్నాం.

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాస్తున్నామంటే, 516ఈ జాతీయ రహదారి. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు, బౌడారా మీదుగా విజయనగరం దాకా. ఏజెన్సీని ఈ చివర నుంచి ఆ చివర దాకా కుట్టేసే రోడ్డు ఇది. రోడ్డు కావాలి, మాకందులో అనుమానం లేదు. డోలీ మోసిన భుజాలున్న ఇళ్ల పిల్లలం, రోడ్డు వద్దని ఎలా అంటాం? కానీ రోడ్డుతోపాటు బండ్లు ఆపే చోట్లు, వ్యూ పాయింట్లు, దుకాణాలు వస్తాయి. అవి ఏ మలుపులో రావాలన్నది ఎక్కడి నుంచి ఫొటో బాగా వస్తుందో చూసి తేలుస్తారు. బోరింగు ఎక్కడుందో, శ్మశానం ఎక్కడుందో, అమ్మవారి రాయి ఎక్కడుందో చూసేది ఎవరు? షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు ఊరిని సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతోంది. ఆ సంప్రదింపు మన ఊళ్లలో సంతకాల కాగితంలా అయిపోయింది. సెలవులకి ఇంటికెళ్లే మనలాంటివాళ్లు గ్రామసభలో కూర్చుని, బండ్లు ఆపే చోటు ఇక్కడ కాదు, అదిగో అక్కడ అని వేలు పెట్టి చూపించాలి. పార్కింగ్ డబ్బు ఊరి ఖాతాలో పడాలని తీర్మానం రాయించాలి. రాయడం వచ్చినవాళ్లం మనమే కదా.

ఇంకొకటి చిన్నది. గాలికొండ లాంటి ఒకటి రెండు తప్ప మిగతా చోట్ల 'వ్యూ పాయింట్', 'సన్‌రైజ్ పాయింట్', 'సెల్ఫీ పాయింట్' అని బోర్డులు పెట్టేస్తున్నారు. ఆ కొండలకి పేర్లున్నాయి. పోయిన పండక్కి మా రూంమేట్ తాత దగ్గర కూర్చుని అడిగితే, వాళ్ల గుమ్మంలోంచి కనబడే కొండలకి పదకొండు పేర్లు చెప్పాడు. ఒక దానికి పులి దాక్కున్న చోటని, ఒక దానికి పెళ్లివాళ్లు వానలో చిక్కుకున్న చోటని. నాలుగు మేం ఎప్పుడూ వినలేదు. నోట్‌బుక్కులో రాసుకున్నాం.

రోడ్డు పక్క ఊళ్లవాళ్లు ఈ సెలవుల్లో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి, మీ గుమ్మంలోంచి కనబడే కొండల పేర్లు ఈ పోస్టు కింద రాయండి. కువిలోగానీ, ఆదివాసీ ఒడియాలోగానీ, తెలుగులోగానీ ఎలా పిలుస్తారో అలాగే రాయండి. అందరివీ కలిపి జాబితా చేసి, ప్రింటు తీయించి మేం పట్టుకొస్తాం. వచ్చే గ్రామసభలో బోర్డుల మాట ఎత్తేటప్పుడు చేతిలో కాగితం ఉండాలి.

జై ఆదివాసీ.